హంతకుణ్ణి ముందే చూపించు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల చదివాను. హంతకుడెవరో ఆఖరి పేజీ దాకా బాగానే దాచావు. కానీ ఆ దాపరికం తప్ప నవల్లో ఇంకేం లేదు. సగానికొచ్చేసరికి, ఎవడైతే నాకేంటి అనిపించింది.

ఇంగ్లిష్ రచయిత్రి మార్జరీ అలింగ్‌హామ్ 1952లో వేసిన 'ది టైగర్ ఇన్ ది స్మోక్' సంపాదించి చదువు. అప్పటికే ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా డిటెక్టివ్ నవలలు రాస్తోంది. నేరస్థుణ్ణి దాచడం ఆవిడకి కొట్టినపిండి. అయినా ఇక్కడ ఆ ఆట పక్కన పెట్టేసింది. జైలు నుంచి తప్పించుకున్న జాక్ హేవక్ ఎంతకైనా తెగిస్తాడని మనకి ముందే తెలుస్తుంది. వాడు ఏ రాత్రి ఎవరి గుమ్మం ఎక్కుతాడో తెలియదు. భయమంతా అక్కడే.

మొదలు చూడు. యుద్ధంలో పోయాడనుకున్న భర్త ఫొటోలు మెగ్‌కి వస్తుంటాయి, ఈమధ్యే తీసినట్టు. ఆమేమో మళ్లీ పెళ్లికి సిద్ధమవుతోంది. అతను నిజంగా బతికున్నాడో లేదో తేల్చుకోవడానికి, కాబోయే భర్త జెఫ్రీతో టాక్సీలో స్టేషన్‌కి బయల్దేరుతుంది. బయట పసుపుపచ్చటి పొగమంచు. ఆ మంచు తీసేస్తే కథే లేదు. మాజీ సైనికులు కొందరు వీధుల్లో బాజాలు వాయిస్తూ డబ్బులు అడుక్కుంటుంటారు. లండన్ నడిబొడ్డున జెఫ్రీ వాళ్ల చేతికి చిక్కినా ఎవరి కంటా పడదు. నీ నవల్లో వాన నాలుగు చోట్ల కురిసింది, ఒక్కడూ తడవలేదు.

ఆ పొగమంచు ఆవిడ కల్పనేం కాదు. బొగ్గు పొగ కలిసిన అలాంటి మంచే అదే ఏడాది డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌ని కమ్మేసి వేల ప్రాణాలు తీసింది.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి పెరిగినవాడివి, డిటెక్టివ్ వెనక్కి తగ్గడం నీకు మింగుడుపడదు. ఇందులో ఆవిడ ఆస్థాన డిటెక్టివ్ కాంపియన్ చాలాచోట్ల పక్కకి తప్పుకుంటాడు. అసలు ఘట్టం కేనన్ ఆవ్రిల్ అనే ముసలి పాస్టర్‌ది. రాత్రివేళ ఒంటరిగా చీకటి చర్చిలోకి వెళ్తాడు, హేవక్ అక్కడున్నాడని తెలిసే. అదృష్టాన్ని వశం చేసుకునే శాస్త్రం ఒకటుందని హేవక్ నమ్మకం. అది చావుకి తీసుకెళ్లే దారని ముసలాయన మెల్లగా చెబుతాడు. తుపాకీ లేదు, ఛేజింగ్ లేదు, ఇద్దరి మాటలే. నీ క్లైమాక్స్‌లో ఇన్‌స్పెక్టర్ అందర్నీ హాల్లో కూర్చోబెట్టి దంచిన ఉపన్యాసం పక్కన పెట్టి చదువు, తేడా నీకే తెలుస్తుంది.

అంతా గొప్పగా ఉందనను. చివర్లో ఫ్రాన్స్ వెళ్లి నిధి వెతికే భాగంలో, మంచు విడిపోయాక, పట్టు కాస్త సడలింది.

నువ్వు మాత్రం మూడో అధ్యాయంలోనే హంతకుడి పేరు చెప్పేసి మళ్లీ రాయి. దసరా లోపు పంపు. కాగితం మీదే పంపు, ఫోన్లో చదవడం నా కళ్ల వల్ల కాదు.

ఉంటాను.