ఫార్మాట్ కొట్టించే ముందు: విండోస్ మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మాది 2017లో కొన్న డెస్క్‌టాప్. ఐ5-7400, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. సపోర్ట్ అయిపోయిందని హెచ్చరిక వస్తోంది. బాగా పనిచేస్తున్న మెషీన్‌ను మార్చాల్సిందేనా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: ఇప్పుడే మార్చక్కర్లేదండీ. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కంప్యూటర్ ఎప్పటిలాగే నడుస్తుంది కానీ, ఆ తేదీ తర్వాత బయటపడే లోపాలకు మరమ్మతు రాదు. బ్యాంకు లావాదేవీలు చేసే మెషీన్‌ను అలా వదిలేయడం మాత్రం తప్పు.

ప్రాసెసర్ పేరులో గీత తర్వాతి అంకె 7 అంటే ఏడో తరం. విండోస్ 11 ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతుంది. మీది ఆ జాబితాలో లేదు. తనిఖీలను దాటించి ఎక్కించే చిట్కాలు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ అలా ఎక్కించిన మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, పెద్ద వెర్షన్ వచ్చిన ప్రతిసారీ మళ్లీ అదే తంటా. ఇంట్లో పెద్దవాళ్లు వాడే మెషీన్‌కు నేనైతే ఆ పని చేయను.

మీకు తేలిక దారి, పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరడం. సెట్టింగ్స్‌లో 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ', అందులో 'విండోస్ అప్‌డేట్' పేజీలో 'ఎన్‌రోల్ నౌ' అనే లింకు ఉంటుంది. అది కనబడకపోతే ముందు మీ వెర్షన్ 22హెచ్2 అవునో కాదో చూడండి. పాత వెర్షన్ల మీద ఆ లింకు రాదు. విండోస్ బ్యాకప్‌తో సెట్టింగులను అకౌంట్‌కు సింక్ చేస్తే ఉచితం, లేదా 1000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సమానమైన రుసుము. మూడింటిలో దేనికైనా మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. గడువు 2026 అక్టోబర్ 13గా ప్రకటించారు. కొత్త సదుపాయాలేమీ రావు, సెక్యూరిటీ మరమ్మతులు మాత్రమే వస్తాయి.

తర్వాతి దారి లినక్స్ మింట్, అంటే విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల మరో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్). 8 జీబీ ర్యామ్ దానికి ధారాళంగా సరిపోతుంది. డిస్క్ మీద ఎక్కించకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి వైఫై, ప్రింటర్, సౌండ్ పనిచేస్తున్నాయో చూసుకోవచ్చు. బ్రౌజర్, ఈమెయిల్, లిబ్రే ఆఫీస్ వరకు ఇబ్బంది లేదు. ట్యాలీ, తెలుగు డీటీపీకి వాడే అను స్క్రిప్ట్, డిజిటల్ సంతకం టోకెన్ మీద పని నడిచేవాళ్లు మాత్రం ముందు ఆరా తీయకుండా దిగవద్దు.

ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్ ఉండి కూడా 'ఈ పీసీ పనికిరాదు' అని వస్తున్నవాళ్లకు ఒక మాట. విండోస్ 11 అడిగే టీపీఎం (తాళాలను దాచే భద్రతా భాగం) చాలాసార్లు మెషీన్‌లో ఉంటుంది, బయోస్‌లో (ఆన్ చేయగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌లో) ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో దాని పేరు పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం. దాన్ని ఆన్ చేస్తే చాలు. సెక్యూర్ బూట్ (నమ్మదగిన ఓఎస్‌నే లేవనిచ్చే ఏర్పాటు) కోసం లెగసీ బూట్‌ను (పాత పద్ధతిలో లేపడాన్ని) తీసేసేటప్పుడు మాత్రం జాగ్రత్త. డిస్క్ విభజన పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే ఆ మార్పు చేయగానే విండోస్ అసలు లేవదు. ముందుగా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'డిస్క్ 0' మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో వాల్యూమ్స్ పేజీ చూడండి. కొత్త పద్ధతి అయిన 'జీపీటీ' అని ఉంటే దిగులు లేదు. 'ఎంబీఆర్' అని ఉంటే డేటా బ్యాకప్ తీసుకుని, విండోస్‌లోనే ఉన్న 'ఎంబీఆర్‌టుజీపీటీ' సాధనంతో మార్చాకే బయోస్ జోలికి వెళ్లండి. తొందరపడి ఇప్పటికే మార్చేసి నల్ల తెర చూస్తున్నవాళ్లు లెగసీ బూట్‌ను తిరిగి ఆన్ చేస్తే మునుపటిలాగే లేస్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్ స్లో అయిందని షాపులో ఫార్మాట్ కొట్టించాం. విండోస్ ప్రో వేసి, యాక్టివేట్ కూడా చేసి ఇచ్చారు. ఇది అసలుదేనా, ఎలా తెలుస్తుంది? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', అందులో 'యాక్టివేషన్' తెరవండి. 'డిజిటల్ లైసెన్స్' అని ఉంటే మంచి సూచనే. 'మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా' అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యం ఉంటే మాత్రం అది కంపెనీలకు ఉద్దేశించిన పద్ధతి. ఇంటి ల్యాప్‌టాప్‌లో ఆ మాట కనబడిందంటే క్రాక్ (లైసెన్స్ లేకుండా దొంగదారిన యాక్టివేట్ చేసే ప్రోగ్రామ్) వాడారని దాదాపుగా ఖాయం.

తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, 'వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్' సెట్టింగుల్లో అడుగున ఉన్న 'ఎక్స్‌క్లూజన్స్' చూడండి. క్రాక్ ప్రోగ్రాములను విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి, వేసేవాళ్లు ముందే ఒక ఫోల్డర్‌నో, ఏకంగా సీ డ్రైవ్‌నంతటినీనో ఆ జాబితాలో పెట్టేస్తారు. అంటే కాపలావాడికి 'ఆ గది వైపు చూడకు' అని చెప్పి వెళ్లడమే. ఇక ఆ గదిలోకి ఏం వచ్చినా డిఫెండర్ నోరెత్తదు. మీరు పెట్టని ఎంట్రీ ఏదున్నా తీసేసి ఫుల్ స్కాన్ చేయండి. కానీ ఇలాంటి మెషీన్‌ను స్కాన్‌తో నమ్మేయడం కంటే మళ్లీ శుభ్రంగా ఓఎస్ వేసుకోవడమే మేలు.

దానికి డబ్బు ఖర్చు కాకపోవచ్చు. విండోస్ 8 కాలం నుంచి విండోస్‌తో అమ్మిన బ్రాండెడ్ ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ మదర్‌బోర్డు చిప్‌లోనే ఉంటుంది. ఎక్కువ శాతం అది హోమ్ ఎడిషన్‌ది. షాపులో అలవాటు కొద్దీ ప్రో వేస్తారు, హోమ్ కీ ప్రోకి చెల్లదు, అందుకని క్రాక్ కొడతారు. మీరు హోమ్ వేసుకుని ఇంటర్నెట్ తగిలిస్తే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది.

మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోండి. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది వాడండి. డేటాను బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ డిస్క్‌ను ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసి పక్కన పెట్టండి. ఇన్‌స్టాలేషన్‌లో పొరపాటున దాన్నే ఫార్మాట్ చేసుకున్నవాళ్లు తక్కువేం లేరు. ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కాలి: డెల్, లెనోవోల్లో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్.

ఇక్కడ రెండుచోట్ల ఆగిపోతారు. పదకొండో తరం, ఆ తర్వాతి ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో డిస్క్ ఎంచుకునే చోట జాబితా ఖాళీగా వస్తుంది. ఎస్ఎస్‌డీ పాడైందని బెంబేలెత్తకండి. ఇంటెల్ వీఎండీ అనే డిస్క్ నిర్వహణ సదుపాయం ఆన్‌లో ఉండటం వల్ల దాని డ్రైవర్ లేనిదే డిస్క్ కనబడదు. మీ మోడల్ సపోర్ట్ పేజీ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను ముందే దించి, విప్పిన ఫోల్డర్‌ను అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించవచ్చు. రెండోది, వైఫై కనబడకపోవడం. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే ఆ గండం గడుస్తుంది.

ప్రశ్న: బయోస్ అప్‌డేట్ చేశాక ల్యాప్‌టాప్ నీలం తెరతో 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. మేం ఏ పాస్‌వర్డూ పెట్టలేదు! (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: మీరు పెట్టలేదు, విండోసే పెట్టింది. విండోస్ 11 హోమ్‌లో మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయినప్పుడు, హార్డ్‌వేర్ అనుకూలిస్తే 'డివైస్ ఎన్‌క్రిప్షన్' (డిస్క్‌లోని డేటాకు తాళం వేయడం) చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది. తాళం టీపీఎం చేతిలో ఉంటుంది. బయోస్ మారినా, మదర్‌బోర్డు మార్చినా, సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిపినా టీపీఎంకు అనుమానం వచ్చి తాళం ఇవ్వదు. అప్పుడు ఈ తెర వస్తుంది.

కీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్‌తో లాగిన్ అయ్యి, డివైసెస్ పేజీలో మీ ల్యాప్‌టాప్ పేరు కింద బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్ పేరు) రికవరీ కీల కోసం చూడండి. కీలు ఒకటికి మించి ఉంటే, నీలం తెర మీద కనబడే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు దేనితో కలిస్తే అది మీది.

అసలు చిక్కు, ఏ అకౌంట్ అన్నది. కొన్న రోజున ల్యాప్‌టాప్‌ను తెరిచి మొదట లాగిన్ అయింది ఎవరు? అమెరికాలో ఉన్న అబ్బాయా, అల్లుడా, షాపులో కుర్రాడా? కీ వాళ్ల అకౌంట్‌లోకి వెళ్లి ఉంటుంది. కాలేజీ ఈమెయిల్‌తో లాగిన్ అయితే ఆ కాలేజీ ఐటీ విభాగం దగ్గర ఉండొచ్చు. వాళ్లందరినీ అడగకుండా ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు. కీ దొరకకపోతే డేటా తీసిస్తామనే షాపువాళ్లకు అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. ఆ తాళం పగలగొట్టడం వాళ్ల వల్ల అయ్యే పని కాదు, మిగిలేది డిస్క్ చెరిపి మళ్లీ వేసుకోవడమే.

ఇంకా ఈ తెర చూడనివాళ్లు ఈరోజే సెట్టింగ్స్‌లో 'ప్రైవసీ అండ్ సెక్యూరిటీ' కింద 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఆన్‌లో ఉందేమో చూసి, ఉంటే కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ల్యాప్‌టాప్‌లోనే సేవ్ చేసుకుంటే పెట్టెలో పెట్టి మూసిన తాళంచెవే అది. ఎన్‌క్రిప్షన్ తీసేయమని మాత్రం చెప్పను. ల్యాప్‌టాప్ బస్సులో పోతే మీ ఆధార్, పాన్ స్కాన్లను కాపాడేది అదొక్కటే.

ప్రశ్న: రోజూ షట్‌డౌన్ చేస్తున్నా, టాస్క్ మేనేజర్‌లో 'అప్‌టైమ్' 19 రోజులని చూపిస్తోంది. తప్పా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: తప్పు కాదు. 'ఫాస్ట్ స్టార్టప్' వల్ల షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ కెర్నల్ (దాని గుండెకాయ లాంటి భాగం) పూర్తిగా ఆగదు, దాని స్థితిని డిస్క్ మీద రాసి నిద్రపోతుంది. డ్రైవర్ల చిక్కులు రోజుల తరబడి వదలకపోవడానికి ఇదొక కారణం. రీస్టార్ట్ మాత్రం నిజంగా మొదటి నుంచి మొదలుపెడుతుంది. అందుకే 'ఒకసారి రీస్టార్ట్ చేయండి' అన్నప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే సరిపోదు. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకు ఈ సదుపాయంతో మిగిలేది కొద్ది సెకన్లే కాబట్టి కంట్రోల్ ప్యానెల్‌లో 'పవర్ ఆప్షన్స్'లోకి వెళ్లి టిక్ తీసేయవచ్చు. విండోస్ పక్కన లినక్స్ కూడా వేసుకున్నవాళ్లు తప్పక తీసేయాలి. లేకపోతే లినక్స్ నుంచి విండోస్ డ్రైవ్‌లో రాయడం కుదరదు.

ప్రశ్న: కరెంటు పోయి వస్తే డెస్క్‌టాప్ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది, ఏ సైటూ తెరుచుకోవడం లేదు.

జవాబు: మదర్‌బోర్డు మీద నాణెంలా ఉండే బ్యాటరీ అయిపోయింది. సీఆర్2032 అని అడిగితే వాచీల షాపులో కూడా ఇస్తారు. కరెంటు వైరు పీకేసి, రాసి ఉన్న వైపు పైకి వచ్చేలా పెట్టండి. తేదీ తప్పుగా ఉంటే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనివిగా కనబడి బ్రౌజర్ అడ్డుపడుతుంది, వైరస్ కాదు. మార్చాక బయోస్‌లో తేదీతో పాటు, పాత సెట్టింగులేమైనా మారాయేమో చూసుకోండి.

ప్రశ్న: విండోస్ 11లో తెలుగు టైపింగ్‌కు విడిగా సాఫ్ట్‌వేర్ కొనాలా? డీటీపీలో చేయించిన ఫైలు మా మెషీన్‌లో పిచ్చి గుర్తుల్లా కనబడుతోంది. (ఒక ఉపాధ్యాయురాలు, శ్రీకాకుళం)

జవాబు: కొననక్కర్లేదు. సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'లాంగ్వేజ్ అండ్ రీజియన్'లో తెలుగును చేర్చండి. డిస్‌ప్లే భాషగా పెట్టమన్న టిక్ తీసేయండి, లేదంటే మెనూలన్నీ తెలుగులోకి మారి దారి వెతుక్కోవాల్సి వస్తుంది. తెలుగు పక్కన మూడు చుక్కలు నొక్కి లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో కీబోర్డు ఎంచుకోవచ్చు. భారతీయ భాషల ప్రామాణిక లేఅవుట్ ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి కొన్ని వారాలు పట్టినా వేగం వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటు ఉంటే ఫొనెటిక్ తీసుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. అను వాడేవాళ్లకు అలవాటైన 'ఆపిల్' అనే కీబోర్డు లేఅవుట్ మాత్రం విండోస్‌తో రాదు.

మీ ఫైలు అను ఫాంట్లలో చేసి ఉంటుంది. అవి యూనికోడ్ (ఏ మెషీన్‌లోనైనా ఒకేలా చదవగల ప్రామాణిక కోడ్) కావు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ల మీద తెలుగు ముక్కల బొమ్మలు అతికించినవి, ఆ ఫాంటు లేని మెషీన్‌లో కింద ఉన్న ఇంగ్లిష్ గుర్తులే బయటపడతాయి. వాళ్లనే పీడీఎఫ్ ఇమ్మనండి, లేదా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్పించండి. మార్చాక వత్తులు, అంకెలు ఒకసారి చదివి చూడాల్సిందే. గౌతమి ఫాంటులో చేసిన పాత వర్డ్ ఫైళ్లు వేరే రూపంలో కనబడితే, సెట్టింగ్స్ సెర్చ్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' తెరిచి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చండి. గౌతమి, వాణి రెండూ అందులోనే వస్తాయి.

ప్రశ్న: ఒకే కంప్యూటర్ ఇంటిల్లిపాదీ వాడతాం. పిల్లలు గేముల కోసం ఏవేవో దించుతారు. ఏం జాగ్రత్త తీసుకోవాలి? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: పిల్లలకు విడి అకౌంట్ చేసి దాన్ని 'స్టాండర్డ్ యూజర్'గా ఉంచండి. సెట్టింగ్స్‌లో 'అకౌంట్స్', 'అదర్ యూజర్స్' దగ్గర మార్చవచ్చు. సిస్టమ్‌లో మార్పులు చేసే ప్రోగ్రామ్ ఏదొచ్చినా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు రోజూ వాడేది కూడా స్టాండర్డ్ అయితే ఇంకా మంచిది, అడ్మిన్ అకౌంట్ ఒకటి విడిగా ఉంచుకుంటే చాలు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో 'వ్యూ', 'షో' కింద 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' టిక్ పెట్టండి. అది లేకపోతే పీడీఎఫ్ పేరుతో వచ్చిన ఈఎక్స్ఈ (ప్రోగ్రామ్) ఫైలు పీడీఎఫ్‌లాగే కనబడుతుంది.

విండోస్ సెక్యూరిటీలో 'రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్' (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాముల నుంచి రక్షణ) కింద 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాములు డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో రాయలేవు. ఒక్కోసారి మామూలు ప్రోగ్రామ్ కూడా 'సేవ్ కాలేదు' అంటుంది, అప్పుడు దాన్ని అనుమతించిన జాబితాలో చేర్చాలి. డిఫెండర్ ఉండగా ఉచిత యాంటీవైరస్‌లు ఇంకో రెండు వేయకండి, మెషీన్ నెమ్మదించడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

బ్యాకప్‌కు బయటి హార్డ్ డిస్క్ ఒకటి కొని, కంట్రోల్ ప్యానెల్‌లోని ఫైల్ హిస్టరీకి అప్పజెప్పండి. ఎప్పుడూ తగిలించి ఉంచవద్దు. రాన్సమ్‌వేర్ వస్తే తగిలి ఉన్న డిస్క్‌ను కూడా తాళం వేసేస్తుంది. ఆదివారం తగిలించి, కాపీ అయ్యాక ఊడదీసి, మూణ్నెల్లకోసారి అందులోంచి నాలుగు ఫైళ్లు వెనక్కి తెచ్చి తెరిచి చూడండి.