ట్యూనింగ్‌కి బండి ఇచ్చేముందు ఇది చదువు, అల్లుడూ

అల్లుడూ,

స్టేజ్ వన్ (ట్యూనర్లు చేసే మొదటి విడత ట్యూనింగ్, ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చడం) వేయిస్తే 60 హార్స్‌పవర్ పెరుగుతుందని ట్యూనర్ చెప్పాడని, వచ్చే వారమే కారు ఇచ్చేస్తున్నానని రాశావు. చేయించుకో, నేను వద్దనను. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది) ఉన్న పెట్రోల్ ఇంజిన్‌కి సాఫ్ట్‌వేర్ ఒక్కటి మార్చినా మంచి తేడా వస్తుంది, అందులో మాయేం లేదు. కంపెనీవాళ్లు నాసిరకం పెట్రోల్‌కీ, మండే ఎండకీ, సర్వీసు వాయిదా వేసే యజమానికీ తట్టుకునేలా కొంత జాగా వదిలిపెడతారు, ట్యూనర్ అందులోంచే కొంత తీసుకుంటాడు. టర్బో లేని ఇంజిన్ అయితే రీమ్యాప్ (అంటే ఆ సాఫ్ట్‌వేర్ మార్పు) ఒక్కదానితో వచ్చేది కొంచెమే, దానికోసం ఇంత హడావిడి పడొద్దనేవాణ్ని. నీది టర్బో కాబట్టి సరే. కానీ ఆ 60 దేనిమీద 60? ఎక్కడ కొలిచారు, ఏ పెట్రోల్ మీద? నువ్వు అడిగి ఉండవు, నాకు తెలుసు.

ముందు చేయాల్సింది, కారుని ఇప్పుడు ఎలా ఉందో అలాగే డైనో (పవర్ కొలిచే యంత్రం) ఎక్కించడం. చాలామంది ట్యూన్ అయ్యాకే మొదటిసారి డైనో ఎక్కిస్తారు, వచ్చిన అంకెలోంచి బ్రోషర్ అంకె తీసేసి ఇదిగో లాభం అంటారు. బ్రోషర్‌లో రాసేది ఇంజిన్ క్రాంక్ (ఇంజిన్ నుంచి పవర్ బయటికి వచ్చే ఇరుసు) దగ్గరి పవర్. డైనో రోలర్ల మీద కొలిచేది గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు అన్నీ తినగా చక్రాల దాకా వచ్చింది. చక్రాల అంకె నుంచి క్రాంక్ అంకెని లెక్కగట్టడానికి "15 శాతం కలుపు" అని కళ్లు మూసుకుని చెప్పేస్తారు. ఆలోచించు, 200 హార్స్‌పవర్ ఇంజిన్‌ని 300 చేశామనుకో, ఆ శాతం లెక్కన నష్టం 30 నుంచి 45కి పెరగాలి. గేర్‌బాక్స్ అదే, బేరింగులు అవే, ఆయిలూ అదే. లోడ్ పెరిగితే నష్టం కొంత పెరిగే మాట నిజమే గానీ, అచ్చంగా అదే నిష్పత్తిలో పెరగాలని ఏముంది? పైగా కొన్ని టర్బో కార్లు ఫ్యాక్టరీ నుంచే బ్రోషర్‌లో చెప్పినదానికంటే ఎక్కువ ఇస్తాయి. ముందు కొలవకపోతే ఆ ఎక్కువ కూడా ట్యూనర్ ఖాతాలో పడిపోతుంది. అందుకే చక్రాల అంకెతోనే మాట్లాడు, క్రాంక్ అంకె జోలికి పోకు.

డైనోలు కూడా ఒక్క రకం కాదు. కొన్నిటిలో బరువు తెలిసిన పెద్ద డ్రమ్ ఉంటుంది, దాన్ని నీ చక్రాలు ఎంత త్వరగా వేగం అందుకునేలా తిప్పాయో చూసి పవర్ లెక్కిస్తారు. కొన్నిటిలో విద్యుదయస్కాంత బ్రేక్ ఉంటుంది, ఇంజిన్ మీద కావలసినంత లోడ్ వేసి ఒకే ఆర్‌పీఎం దగ్గర ఆపి ఉంచొచ్చు, మ్యాప్ (ఎప్పుడు ఎంత ఫ్యూయల్, ఎప్పుడు స్పార్క్ అని ఇంజిన్‌కి చెప్పే పట్టిక) రాయడానికి ఇదే మేలు. ఇంకొన్నిటికి చక్రాలు ఊడదీసి హబ్‌లకే బిగిస్తారు, టైరు జారే సమస్య ఉండదు. ఒకే కారు ఈ మూడింటి మీదా మూడు అంకెలు చూపిస్తుంది, ఏదీ అబద్ధం కాదు. నీకు కావలసింది రెండు అంకెల మధ్య తేడా, కాబట్టి రెండూ ఒకే డైనో మీద రావాలి. కుదిరితే ఒకే రోజు. గేర్ కూడా ఒకటే ఉండాలి, మామూలుగా 1:1కి దగ్గరగా ఉండే గేర్ తీసుకుంటారు. టైర్లలో గాలి, కారుని కట్టే పట్టీలు బిగించిన తీరు, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ముందు ఫ్యాన్, బానెట్ తెరిచారా మూశారా, ట్యాంకులో ఏ పెట్రోల్ ఉంది, అన్నీ రాసుకో. చాదస్తం అనుకుంటావేమో, పట్టీ మరీ బిగిస్తే టైరు రోలర్‌కి అదుముకుపోయి పవర్ తగ్గినట్టు కనబడుతుంది, అది సరిచేసి మళ్లీ కొలిస్తే ట్యూనింగ్‌తో పెరిగిందనుకుంటాం.

ఒక్క రన్‌తో ఊరుకోవద్దు, కనీసం మూడు. మూడు రన్‌ల మధ్యే 5 హార్స్‌పవర్ అటూఇటూ అవుతుంటే, ఏదో ఫిల్టర్ మార్చి 4 పెరిగిందనే మాటకు అర్థం లేదు. వరసగా లాగితే ఇంటర్‌కూలర్ వేడెక్కి ఒక్కో రన్‌కీ పవర్ దిగుతుంది, అలా దిగడం కూడా తెలుసుకోవలసిన సంగతే. ప్రతి రన్‌కీ ఇన్‌టేక్ గాలి ఎంత వేడి మీద ఉందో పక్కన రాయించు.

ఇప్పుడు కరెక్షన్ ఫ్యాక్టర్. అసలు మతలబంతా ఇక్కడే ఉంటుంది. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంజిన్‌కి పవర్ ఎక్కువ, టర్బో లేని ఇంజిన్‌లో గాలి వేడి 10 డిగ్రీలు మారితే సుమారు 2 శాతం తేడా. ఆ తేడా పోవడానికి డైనో సాఫ్ట్‌వేర్ అంకెను ఒక ప్రామాణిక వాతావరణానికి సరిచేస్తుంది. ఎస్‌ఏఈ జె1349 పద్ధతిలో ఆ వాతావరణం 25 డిగ్రీలు, 990 మిల్లీబార్లు. ఎస్‌టీడీ అనే పాత పద్ధతిలో 15.5 డిగ్రీలు, అందుకని అదే రన్‌కి అది దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ముందు షీటు ఎస్‌ఏఈలో, తరవాతి షీటు ఎస్‌టీడీలో ఇచ్చారనుకో, 300 దగ్గర 12 హార్స్‌పవర్ ఊరికే వచ్చిపడుతుంది, ఎవరూ స్పానర్ పట్టుకోనవసరం లేదు. యూనిట్లతోనూ ఇంతే. హెచ్‌పీ అంటే 745.7 వాట్లు, పీఎస్ అంటే 735.5, కాబట్టి 300 హెచ్‌పీ 304 పీఎస్ అవుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్‌ని ఎగ్జాస్ట్ పక్కన వేలాడదీసినా కరెక్షన్ పెరిగి అంకె ఉబ్బుతుంది, అది ఎక్కడ పెట్టారో నువ్వే వెళ్లి చూడు. ఇక టర్బో కారుకైతే ఈ కరెక్షన్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గాలి పలచనైతే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) టర్బోని ఇంకాస్త తిప్పించి బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) నిలబెడుతుంది, అంటే ఇంజిన్ తన సర్దుబాటు తాను చేసుకుంది, దానిమీద మళ్లీ సాఫ్ట్‌వేర్ కలిపితే రెండుసార్లు కలిపినట్టే. సరిచేయని అంకె కూడా అడిగి తీసుకో.

గ్రాఫ్ ఇచ్చాక చిన్న పరీక్ష చెయ్యి. టార్క్ న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 5000 దగ్గర 400 న్యూటన్ మీటర్లు అంటే 209 కిలోవాట్లు, సుమారు 281 హెచ్‌పీ. గీత మీద వేరే అంకె ఉంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. హెచ్‌పీ, పౌండ్-ఫుట్‌లలో గీసిన గ్రాఫ్ అయితే, రెండిటికీ స్కేలు ఒకటే అయినప్పుడు గీతలు 5252 ఆర్‌పీఎం దగ్గర కలవాలి. స్మూతింగ్ ఎంత పెట్టారో కూడా అడుగు, ఎక్కువ పెడితే ఇంజిన్ తడబడే చోట్లు కూడా నున్నగా కనబడతాయి. శిఖరం ఒక్కటే చూసి మురిసిపోకు. నువ్వు రోజూ నడిపేది 2500కీ 5500కీ మధ్య, అక్కడ గీత ఎంత పైకి లేచిందో అదే నీకు దక్కేది.

నీ ఉత్తరంలో అప్పుడే స్టేజ్ టూ గురించి కూడా ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ముందు ఇంజిన్ ఆరోగ్యం చూపించు. కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ (రెండూ సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందా అని చూసేవే), ఇన్‌టేక్ పైపుల్లోకి పొగ పంపి లీకులు వెతకడం. ప్లగ్‌లు కొత్తవి వేయించు, బూస్ట్ పెరిగితే గ్యాప్ కాస్త తగ్గించాలి, లేకపోతే స్పార్క్ ఆరిపోతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ కదా, కిలోమీటర్లు బాగా తిరిగి ఉంటే ఇన్‌టేక్ వాల్వుల మీద మసి పేరుకుని ఉంటుంది, దించి శుభ్రం చేయించు. ఈ పనులతోనే పోయిన పవర్ కొంత తిరిగొస్తుంది, అందుకని ముందు కొలత వీటి తరవాతే తీసుకో. లేదంటే ప్లగ్‌ల పుణ్యం కూడా మ్యాప్‌కే పోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉన్నా క్లచ్ సంగతి వేరే. పెరిగిన టార్క్‌కి అది జారడం మొదలుపెడితే ఆర్‌పీఎం లేస్తుంది, కారు లేవదు.

స్టేజ్ అనే మాటకి ఎక్కడా ప్రమాణం లేదు, ఎవరి స్టేజ్ వాళ్లది. కాబట్టి ఏమేం మారుస్తున్నావని అడుగు. బూస్ట్ ఎంత, ఇగ్నిషన్ టైమింగ్ ఎంత, ఫ్యూయల్ ఎలా. నేను భయపడేది తక్కువ ఆర్‌పీఎం దగ్గర విపరీతంగా టార్క్ పెంచే మ్యాప్‌లకి. చిన్న టర్బో ఇంజిన్‌ని 2000 దగ్గర పైగేర్‌లో అదిమితే, స్పార్క్ పడకముందే మిశ్రమం తనంతట తాను అంటుకునే ప్రమాదం ఉంటుంది, ఆ దెబ్బకి పిస్టన్‌లు పగలడం, కనెక్టింగ్ రాడ్లు వంగడం కూడా ఉన్నాయి. సీట్లో కూర్చున్నవాడికి మాత్రం ఆ తన్ను భలే ఉంటుంది, అమ్మేవాడికీ అదే కావాలి. టార్క్ మెల్లగా ఎక్కించి పైన పవర్ నిలబెట్టే మ్యాప్ అడుగు.

డైనో మీద ఉన్నంతసేపూ లాగ్ (సెన్సర్ల అంకెల రికార్డు) నడవాలి. ఫుల్ థ్రాటిల్‌లో లాంబ్డా (సమతూకంతో పోలిస్తే గాలి, పెట్రోల్ పాళ్లు ఎంతో చెప్పే అంకె), నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) వల్ల ఈసీయూ టైమింగ్ ఎంత వెనక్కి లాగింది, ఫ్యూయల్ ప్రెషర్ పడిపోతోందా, ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకుని ఉంటున్నాయి. గాలి, పెట్రోల్ నిష్పత్తి 14.7:1 ఉంటే సమతూకం, టర్బో ఇంజిన్‌ని ఫుల్ లోడ్‌లో మామూలుగా 11.5, 12.5 మధ్య నడుపుతారు, లాంబ్డాలో 0.78 నుంచి 0.85. టెయిల్‌పైప్‌లో గొట్టం పెట్టి చూస్తే కేటలిటిక్ కన్వర్టర్ దాటి వచ్చిన గ్యాస్ కొంచెం లీన్‌గా (పెట్రోల్ తక్కువున్నట్టు) చూపిస్తుంది, కన్వర్టర్‌కి ముందున్న సెన్సర్ మాటే నమ్ము. రోజూ పోయించే పెట్రోల్‌తోనే ట్యూన్ చేయించుకో, ట్యూనింగ్ రోజున మాత్రం ఎక్కువ ఆక్టేన్ పోసి అంకె తెప్పించుకోవడం ఎవర్ని మోసం చేయడానికి? ఈ లాగ్ చూపించడానికి నసిగే ట్యూనర్ దగ్గర్నుంచి తాళాలు తీసుకుని వచ్చేయ్. అదే "నీ క్లచ్ దీనికి ఆగదు, ఇవాళ చేయను" అని వెనక్కి పంపేవాడు దొరికితే వదలకు.

రోడ్డు మీద సంగతి. థ్రాటిల్ మ్యాప్ ఒక్కటి మార్చి సగం పెడల్‌కే ముప్పావు తెరుచుకునేలా చేసినా కారు దూకుతున్నట్టే ఉంటుంది, పవర్ మాత్రం ఇసుమంత కూడా పెరగదు. కాబట్టి నీ వీపు చెప్పే మాట లెక్కలోకి రాదు. జీపీఎస్ టైమర్ పెట్టుకుని గంటకి 100 నుంచి 200 కిలోమీటర్ల వేగం దాకా ఎంతసేపు పట్టిందో చూడు, ట్యూన్‌కి ముందూ తరవాతా, అదే ట్రాక్, అంతే పెట్రోల్, అంతే మనుషులు. మూసి ఉన్న ట్రాక్ మీద మాత్రమే, మామూలు రోడ్డు మీద ఆ స్పీడు మాట ఎత్తకు. కొద్దిపాటి వాలు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది, వాలు చూపించే టైమర్ అయితే ఆ అంకె కూడా రాసుకో. డ్రాగ్ స్ట్రిప్ దొరికితే క్వార్టర్ మైలు చివర ఉన్న వేగం చూడు. పట్టిన సమయం స్టార్టింగ్‌లో టైరు పట్టు మీద ఆధారపడుతుంది, చివరి వేగం మాత్రం పవర్ సంగతి బాగానే బయటపెడుతుంది.

వారంటీ పోవచ్చు, ఇన్సూరెన్స్‌వాళ్లకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర తిప్పలు, కేటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే పొల్యూషన్ టెస్ట్ పాసవదు. ఇవి నీకు తెలిసినవే, సంతకాలు పెట్టేముందు మీ చోట నియమాలు చూసుకో.

కారు ఇచ్చేరోజే ఈసీయూలో ఉన్న ఒరిజినల్ ఫైల్ కాపీ తీయించి నీ దగ్గర పెట్టుకో, రేపు అమ్మాలన్నా వెనక్కి వెళ్లాలన్నా అది ఉండాలి. ఇంటికి తెచ్చాక మొదటి రెండు ట్యాంకులూ ఆయిల్ లెవెల్ చూస్తూ ఉండు, వేడి ఎక్కువగా ఉన్న మధ్యాహ్నం ఒకసారి మళ్లీ లాగ్ తియ్యి, డైనో గదిలో కనబడని నాకింగ్ అప్పుడు బయటపడుతుంది. గ్రాఫ్ ఫోటో ఒక్కటే వాట్సాప్‌లో పడేస్తే నేను ఏమీ చెప్పలేను, ముందువీ తరవాతవీ రన్ ఫైళ్లూ లాగ్‌లూ మొత్తం పంపు, కూర్చుని చూస్తాను.

మామయ్య