మస్టాంగ్‌కు ముందు సన్న టైర్లు: రోడ్డు మీద నడపాలంటే

నమస్కారం. డాలస్‌లో మీరు రోజూ నడిపే ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కారుకు ముందువైపు డ్రాగ్ పద్ధతి (నేరుగా సాగే కారు పందేల్లో వాడే తరహా) సన్న టైర్లు వేస్తే ప్రమాదమా అని అడిగారు. వేయవచ్చు, అయితే టైరు పక్కగోడ మీద డీఓటీ ముద్ర (అమెరికా రవాణా శాఖ రోడ్డు భద్రతా ప్రమాణాలకు సరిపోతుందని తెలిపే గుర్తు) తప్పనిసరిగా ఉండాలి. 17 అంగుళాల వ్యాసం, 4.5 అంగుళాల వెడల్పు ఉన్న చక్రానికి మిక్కీ థాంప్సన్ స్పోర్ట్స్‌మన్ ఎస్/ఆర్ 26×6.00 రేడియల్ అలాంటిదే. ట్రాక్‌కు మాత్రమే చేసిన ముందు టైర్లను రోడ్డు మీదకు తేవద్దు. మీ బండికి పెర్ఫార్మెన్స్ ప్యాక్ (పెద్ద బ్రేకులతో వచ్చే అదనపు ప్యాకేజీ) ఉంటే 15 అంగుళాల బ్రేకు డిస్కులు ఆ చక్రంలో పట్టవు, ముందే కొలుచుకోండి.

అసలు చిక్కు బ్రేకుల దగ్గరే వస్తుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందుకు ఒరిగి, ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది కనుక, పట్టు తగ్గిన సన్న టైరు త్వరగా జారి, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ముందుగానే అందుకుని, బండి ఆగే దూరం పెరుగుతుంది. వాన తడిలో ఫ్రీవే దిగే వంపులో నేను స్టీరింగ్ తిప్పినా ముక్కు నేరుగానే సాగిన ఆ క్షణం ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. దయచేసి ముందు బండికి రెట్టింపు ఎడం ఉంచండి.

27 అంగుళాల ఎత్తున్న టైరు స్థానంలో 26 అంగుళాలది వేస్తే ముందు చక్రాలు సుమారు 4 శాతం వేగంగా తిరుగుతాయి; ఆ తేడా వల్ల ఏబీఎస్ దీపం వెలిగితే నిర్లక్ష్యం చేయవద్దు. టైరు మీద రాసిన బరువు పరిమితిని మీ ముందు ఇరుసు బరువులో సగంతో పోల్చి, బాగా మిగులు ఉంటేనే కొనండి. గాలి సరిపోయిందో లేదో తెలియాలంటే ట్రెడ్‌కు (రోడ్డును తాకే టైరు భాగానికి) అడ్డంగా సుద్దగీత గీసి కొద్ది దూరం నడపండి: మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. చక్రం నట్లను 150 పౌండ్-అడుగులకు బిగించి, వంద మైళ్ల లోపు మళ్లీ సరిచూడండి.