మాత్ర వేసి బడికి పంపొద్దు

చిట్టితల్లీ,

నిన్న పొద్దున నువ్వు ఫోన్లో అడిగింది రాత్రంతా నా చెవిలోనే ఉంది. "బాబుకి రాత్రి ఒళ్లు కాలింది పెద్దమ్మా, ఇప్పుడు తగ్గింది, యూనిట్ టెస్ట్ ఉంది, పంపనా?" అన్నావు. వానాకాలం అయ్యేదాకా ఈ టెన్షన్ నీకు మళ్లీ మళ్లీ వస్తుంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. ముప్పై ఏళ్లు ఒకటి, రెండు తరగతుల పిల్లల మధ్య ఉన్నదాన్ని.

నుదుటి మీద చెయ్యి పెట్టి తేల్చకు, థర్మామీటర్ పెట్టు. 100.4 డిగ్రీలు, ఆపైన ఉంటే జ్వరమే, ఆ రోజు బడి లేదు. చంకలో పెడితే కాస్త తక్కువే చూపిస్తుంది. మళ్లీ పంపేది ఎప్పుడంటే, పారాసెటమాల్ వేయకుండానే 24 గంటలు జ్వరం రాకపోతే. ఈ 'వేయకుండానే' దగ్గరే మనం పొరబడతాం. ఏడింటికి సిరప్ పోస్తే ఎనిమిదింటికి నవ్వుతూ బస్సెక్కుతాడు. ఆ మందు పనిచేసేది నాలుగు గంటలు, మహా అయితే ఆరు. పదకొండు దాటాక నా క్లాసులో అలాంటి పిల్లలు బెంచీ మీద తల వాల్చేవాళ్లు. పక్కన కూర్చున్న వాళ్లకి అప్పటికే అంటి ఉంటుంది.

నేనూ ఆ తప్పు చేశాను. మీ అక్క మూడో తరగతిలో ఉండగా క్వార్టర్లీ పరీక్షకి మాత్ర వేసి పంపాను. మధ్యాహ్నం ఆయా రిక్షాలో తీసుకొచ్చింది. పిల్ల ఆమె ఒళ్లో, పిల్ల చెప్పులు ఆమె చేతిలో. ఆ తర్వాత ఏ పరీక్షకీ అలా పంపలేదు.

వాంతులు, విరేచనాలు అయితే, ఆఖరిసారి అయ్యాక కనీసం ఒక రోజు, కుదిరితే రెండు రోజులు ఇంట్లోనే ఉంచు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాసుంటే అన్నిట్లోనే కలుపు. గ్లాసుకి కొంచెం కొంచెంగా పొడి వేయొద్దు. ఆటలమ్మ పోస్తే మన ఇళ్లలో వేపాకు నీళ్లు పోస్తాం కదా, పోశాం కాబట్టి తగ్గిందనుకోకు. పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాలి. గవదబిళ్లలకి వాపు మొదలైన దగ్గర్నుంచి 5 రోజులు. కళ్లకలకకి పుసి కారడం ఆగేదాకా. ఉత్త జలుబుకీ, తలలో పేలకీ మాత్రం బడి మాన్పించకు.

ఒకటి గట్టిగా చెబుతున్నా. ఈ రోజుల్లో డెంగీ ఎక్కువ. అందులో ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా జ్వరం దిగేటప్పుడే, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య. జ్వరం దిగాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, చేతులు కాళ్లు చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా బడి సంగతి కాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తు. డాక్టరు చెప్పకుండా ఐబుప్రొఫెన్ వేయకు. ఆస్పిరిన్ అసలే వద్దు.

ఇక సోమవారం కడుపునొప్పి. జ్వరం ఉండదు, వాంతి ఉండదు, "సరే, వెళ్లొద్దులే" అనగానే పావుగంటలో బ్యాట్ పట్టుకుంటాడు. అబద్ధమని తిట్టకు తల్లీ. పిల్లలకి భయం నిజంగానే కడుపులో నొప్పిగా వస్తుంది. నా క్లాసులో ఒక పిల్ల నెలరోజులు కడుపునొప్పి అంటూ ఏడ్చింది. వాళ్లమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని నెమ్మదిగా అడిగితే తేలింది, ఆడపిల్లల బాత్రూం తలుపుకి గడియ లేదు. గడియ పెట్టించాం, నొప్పి పోయింది. అలాంటప్పుడు పంపు, కానీ అదే రోజు టీచర్‌తో మాట్లాడు.

సెలవు ప్రతిసారీ నువ్వే పెట్టడం నాకు నచ్చలేదు. అల్లుడిని కూడా పెట్టమను, నా మాటగా చెప్పు. టెస్ట్ గురించి క్లాస్ టీచర్‌కి పొద్దునే ఒక మెసేజ్ పెట్టు, ఏం చదివించాలో వాళ్లే చెబుతారు.

ఇద్దరికీ కుదరని రోజున నాకు ముందురోజు రాత్రే ఫోన్ చెయ్యి. సూర్యాపేటలో తెల్లవారుజామున బస్సెక్కితే ఎల్బీనగర్‌లో దిగి తొమ్మిదిన్నరకల్లా మీ ఇంటికి వస్తాను. అంతవరకు మీలో ఒకరు ఆగితే చాలు.

మీ పెద్దమ్మ