స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవారికి, ఎవరూ లేకపోయినా వినబడతాయనే ఆ గొంతులు నిజంగానే వినిపిస్తాయా, లేక అదంతా ఊహేనా?

నిజంగానే వినిపిస్తాయి. నేను వైద్యుణ్ణి కాను. ఈ జబ్బుతో ఉన్న మా అక్కతో చాలా ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్న తమ్ముడిగా చెబుతున్నాను. ఊహ అయితే వద్దనుకోగానే ఆగిపోతుంది. అక్కకు వినబడే గొంతులు ఫలానా దిక్కు నుంచి వస్తాయి, ఆడో మగో తెలుస్తూనే ఉంటుంది, ఒక్కోసారి ఇద్దరు ఆమె గురించే మాట్లాడుకుంటూ ఉంటారు. 1999లో జర్మనీ పరిశోధకులు గొంతులు వినిపిస్తున్న సమయంలోనే రోగుల మెదడును స్కాన్ చేసినప్పుడు, బయటి శబ్దాలను మొదట అందుకునే శ్రవణ ప్రాంతమే పనిచేస్తూ కనిపించింది. ఆ అధ్యయనంలో ఉన్నది ముగ్గురే అయినా, అక్క చెప్పేదానికి అది సరిపోతుంది.

మనసులో మనం అనుకునే మాట మనదేనని శ్రవణ ప్రాంతానికి ముందుగా తెలియజేసే ఏర్పాటు మెదడులో ఉంటుందనీ, అది దెబ్బతిన్నప్పుడు సొంత మాటే పరాయి గొంతుగా తోస్తుందనీ ఒక ప్రధాన వివరణ.

అంతగా చర్చకు రానిది బయటి శబ్దాల సంగతి. ఈ జబ్బులో స్వరాల హెచ్చుతగ్గులను పోల్చుకునే శక్తి చాలామందికి తగ్గుతుంది. అందువల్ల ఎదుటివారి గొంతులోని కోపం, వేళాకోళం, ఆప్యాయత సరిగా అందవు. "తిన్నావా?" అని మామూలుగా అడిగినా అక్కకు నిలదీసినట్టు వినిపించిన రోజులున్నాయి. మా ఇంటి గొడవల్లో సగం ఇలా పుట్టినవేనని నా నమ్మకం. ఫ్యానో మిక్సీయో తిరుగుతున్నప్పుడు ఆ హోరులోంచే ఆమెకు మాటలు పుట్టుకొస్తాయి.

మానవశాస్త్రవేత్త తాన్యా లూర్మన్ బృందం అమెరికా, ఘానా, చెన్నై రోగులను పోల్చి 2015లో ఒక అధ్యయనం ప్రచురించింది. అమెరికాలో ఎక్కువగా హింసను గురించి చెప్పే అపరిచితుల గొంతులు వినిపిస్తే, చెన్నైలో చాలామందికి ఇంటి పనులు పురమాయించే బంధువుల గొంతులు వినిపించాయట. గ్యాస్ కట్టేశావా అని అక్కను అడిగేది చనిపోయిన మా నాయనమ్మే. అయితే అక్కను తిట్టే గొంతులూ లేకపోలేదు.

అందుచేత "ఎవరూ లేరు" అని వాదించకండి, మీకూ వినిపిస్తున్నట్టు నటించకండి. "నాకు వినబడటం లేదు గానీ, నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది, ఏమంటున్నారు?" అని అడగండి. మందులతో అక్కకు గొంతులు పూర్తిగా పోలేదు, దూరం జరిగాయి. డాక్టరు చెప్పకుండా మందు ఆపనివ్వకండి. చావమనో, ఎవరినైనా కొట్టమనో ఆ గొంతులు ఆజ్ఞాపిస్తుంటే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.