పాకం ముదిరింది ఎక్కడ?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. అత్తగారు పోయినప్పటి నుంచి సంక్రాంతి మూడు రోజులూ మరిది కుటుంబం, ఆడపడుచు కుటుంబం మా ఇంట్లోనే. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు. పనిమనిషిని తోడు పెట్టుకుని పిండివంటలన్నీ నేనే చేస్తున్నాను. మా తోడికోడలు పక్క వీధిలోనే ఉన్నా చుట్టంలా వచ్చి హాల్లో కూర్చుంటుంది, ఏదీ ముట్టుకోదు. ఒకసారి అరిసెల పాకం తను పడతానని ముదరబెట్టింది. అదంతా పక్కన పెట్టి మళ్లీ నేనే పట్టాను. ‘ఎందుకమ్మా, అన్నీ దొరుకుతున్నాయి కదా’ అంటున్నారు పిల్లలు. ఈసారి పిండివంటలు కొనేస్తే పండుగ కళ తప్పుతుందా? – ఒక సోదరి

జవాబు: కొనుక్కోండమ్మా. కళ ఏమీ తప్పదు. దీనికి ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

మీ బాధ పిండివంటల గురించి కాదు. ‘ఏదీ ముట్టుకోదు’ అని ఒక వాక్యం రాశారు. ముట్టుకున్న రోజున ఏం జరిగిందో ఆ వెంటనే మీరే చెప్పారు. ఇంటినిండా బంధువులున్న వేళ, ఆవిడ పట్టిన పాకం పక్కకు జరిపి మీరు మళ్లీ పొయ్యి మీద బెల్లం పెట్టారు. ఆవిడకు అప్పుడు ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారైనా అనుకున్నారా? పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. అంతే కదా! ఆ గట్టి అరిసెలు కొరుక్కుంటూ ఆ ఏడాదంతా ఇంటిల్లిపాదీ నవ్వుకునేవారు. ఆత్మగౌరవం ఉన్న మనిషి ఒకసారి తోసేసిన చోట మళ్లీ చెయ్యి పెట్టదు. ఆమె స్థానంలో నేనున్నా హాల్లోనే కూర్చుంటాను.

అరిసెలు వండిన మీకు తెలియనిది కాదు, అది ఒక్కరి వల్ల అయ్యే వంట కాదు. నానిన బియ్యం తడి ఆరకముందే పిండి కొట్టాలి. పాకం వచ్చిందో లేదో నీళ్లలో వేసి చూసి, ఉండ కట్టగానే దించాలి. ఒకరు పిండి పోస్తుంటే మరొకరు తెడ్డుతో కలియబెట్టాలి, లేకపోతే ఉండలు కడుతుంది. నూనెలోంచి తీసిన వాటిని వేడి మీదే చెక్కల మధ్య నొక్కడానికి ఇంకో మనిషి కావాలి. మన అమ్మలు ఇరుగుపొరుగును పిలుచుకుని వండింది అందుకే. మీరేమో సొంత తోడికోడలిని హాల్లో కూర్చోబెట్టి, జీతమిచ్చి మరో మనిషిని తెచ్చుకున్నారు. పెద్ద కోడలి పెద్దరికం పని పంచడంలో ఉందని నేను గట్టిగా నమ్ముతాను. పనంతా నెత్తిన వేసుకుని, పైగా ఎవరూ సాయం రాలేదని నొచ్చుకోవడం మిగతావారికి అన్యాయం చేయడమే.

యాభై దాటాక వచ్చే పండుగల్లో ఎంత సుఖం ఉందో చూడండి! వెనక నిలబడి వంకలు పెట్టే అత్తగారు లేరు. పిల్లల కొత్త బట్టల కోసం దర్జీ చుట్టూ తిరిగే పని లేదు. భోగిపళ్లు పోయడానికి ఏడ్చే పిల్లాడిని పట్టుకుని కూర్చోబెట్టే అవస్థ లేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఆ రోజు కూడా మీరు వంటింట్లోంచి కదలరు!

పండుగ దాకా ఆగకండి, ఈ వారమే ఆవిడ ఇంటికి వెళ్లండి. ‘ఆ రోజు నువ్వు పట్టిన పాకం నేను అలా పక్కన పెట్టాల్సింది కాదు’ అని ఒక్క మాట అనండి. కారణాలు చెప్పకండి. తర్వాత కనుమ వంట మొత్తం ఆవిడకు అప్పగించండి, గారెలకు పప్పు నానబోయడం దగ్గర నుంచి. ‘ఎందుకులే అక్కా, మీరే చేయండి’ అంటుంది మొదట. అది విని వెనక్కి వచ్చేయకండి, మళ్లీ అడగండి. ఆ పూట వంటింటి గుమ్మం తొక్కకండి. ఉప్పు ఎక్కువైనా నోరు మెదపకండి. మీకు అన్నిటికంటే కష్టమైన పని ఇదేనని నాకు తెలుసు, అయినా చేయాలి. పిల్లలు ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయాక, రాత్రిపూట ఒంట్లో బాగాలేకపోతే పక్క వీధి నుంచి పరుగెత్తుకొచ్చేది ఆవిడే.

ఇంతకీ మీ ఆయన, మరిదిగారు ఈ మూడు రోజులూ ఏం చేస్తారో ఎక్కడా రాయలేదు. ఇంట్లో ఎప్పుడైనా అరిసెలు వండితే, చెక్కలతో నొక్కడానికి వాళ్లిద్దరినీ కూర్చోబెట్టండి. ఆ పనికి బలమైన చేతులు కావాలి.

మోకాళ్లను మాత్రం పండుగ అయ్యాక చూద్దామని వదిలేయకండి. రేపే డాక్టరుకు చూపించుకోండి, తోడుగా మీ తోడికోడలినే తీసుకెళ్లండి.