మాట మారితే ఆలోచన మారుతుందా?

ప్రశ్న: మా నాయనమ్మ ఇంట్లో కూడా 'తూర్పు పక్కకి జరుగు' అంటుంది, పిల్లలేమో లెఫ్ట్, రైట్ అంటారు. దీనివల్ల ఆలోచించే తీరు కూడా మారుతుందాండీ?
– ఓ పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: కొంతవరకు మారుతుందండీ. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గూగు యిమిధిర్ అనే భాష ఉంది, అందులో పాతతరం వాళ్లు కుడి ఎడమలకు బదులు దిక్కులే వాడేవారు, కాలి దగ్గర చీమ ఉన్నా 'నీ కాలికి ఉత్తరాన' అన్నట్టే చెప్పాలి, అంటే నోరు తెరవాలంటే ఏ దిక్కు ఎటుందో ఎప్పుడూ బుర్రలో ఉండాల్సిందే. స్టీఫెన్ లెవిన్సన్ అనే భాషా పరిశోధకుడు పరిశీలిస్తే, వాళ్లు తెలియని చోట కూడా దిక్కులు దాదాపు సరిగ్గా చూపించారు. అలాగని భాష మనిషి ఆలోచనను కట్టేయదు. దేన్ని గమనించాలో అలవాటు చేస్తుంది, నాకు అదే పెద్ద విషయంగా తోస్తుంది. మీ పిల్లలకూ ఈ అలవాటు చేయొచ్చు. పొద్దున్నే ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లి సూర్యుడు వచ్చే వైపు చూపించండి, ఇంటికొచ్చాక ఫ్యాన్ స్విచ్ ఏ దిక్కున ఉందో అడగండి.